పెండ్లి పందిరిలో ఛాయాగ్రాహకుడు

పెండ్లికి వెళ్ళి వచ్చినవారిని ముహూర్తం ఎట్లా జరిగినదని అడిగి చూడండి. "ఏం చెప్పమంటారు! ఫోటోలు తీసేవారి వీపులు తప్ప మాకేమీ కనబడలేదు" అంటారు. ఈ ఫిర్యాదులో నిజం లేకపోలేదు. అక్షింతలు గుప్పిట పట్టుకొని, ఆ వీపు ఎప్పుడు ప్రక్కకు తొలగుతుందా అని నిరీక్షించినవారిలో నేనూ ఒకడిని. అయితే ఆ వీపునకు అవతల ఒక ముఖమున్నదనీ, అందులో ఒక కన్ను మూసుకొని ఉండగా రెండవ కంటిలో ఆ క్షణాన ఎంతటి ఆందోళన నిండి ఉంటుందనీ మనమెవ్వరమూ ఆలోచించము. పెండ్లిళ్ళ పేరయ్యను గురించీ, పురోహితుని గురించీ, వంటవారిని గురించీ మన కథలలో, నాటకాలలో కావలసినంత హాస్యమూ, కొంత గౌరవమూ ఉన్నవి. ఛాయాగ్రాహకునికి ఆ రెండూ దక్కినట్లు తోచదు.

తెనాలిలో నేను ఉద్యోగంలో చేరిన క్రొత్తలో అద్దెకు దిగిన మేడ క్రింది భాగాన ఒక స్టూడియో ఉండేది. దాని యజమానికి ఇప్పుడు డెబ్బది అయిదేండ్లు దాటినవి. పదునాలుగవ యేట మేనమామ దగ్గర పనికి కుదిరి, మొదటి రెండేండ్లూ దీపపు స్తంభం మోయుటకే సరిపోయినదని చెప్పేవారు. ఆయనతో ఇరువది యేండ్లకు పైబడిన చెలిమి నాది. ఈ వ్యాసంలోని వృత్తిరహస్యాలు చాలవరకు ఆ స్టూడియో అరుగు మీద సాయంకాలాలు నేను విన్నవే.

ఆ స్టూడియోలో నన్ను మొట్టమొదట ఆకర్షించిన వస్తువు కెమేరా కాదు, పంచాంగం. పురోహితుని తరువాత పంచాంగాన్ని అంత శ్రద్ధగా చదివే మనిషి ఊరిలో ఆయనే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం, శ్రావణం అంటే పని. ఆషాఢం, భాద్రపదం, పుష్యం అంటే పస్తు. గురుమౌఢ్యమో శుక్రమౌఢ్యమో వచ్చిన యేడు మంచి మాసంలో కూడ కెమేరాకు గుడ్డ కప్పవలసినదే. మళ్ళీ ముహూర్తాలున్న రోజున ఊరంతా ఒకేసారి పెండ్లిండ్లు. నెల పొడుగునా ఖాళీ, ఒక్క రాత్రి మూడు పిలుపులు. ఈ వృత్తికి జీతమిచ్చేది గ్రహాలే కాబోలునని ఒకసారి నేనంటే, "గ్రహాలు అడ్వాన్సు మాత్రమే ఇస్తాయి మాస్టారూ, బాకీ వసూలు చేసుకోవలసింది మనుషుల దగ్గరేగా" అన్నారు. ఆయన బీరువాలో డబ్బు చెల్లించి తీసుకువెళ్ళని ఆల్బములు ఒక వరుస నిండా ఉండేవి. పెండ్లి వారం వరకు ఉన్న ఉత్సాహం అప్పులు తీర్చుకొనే నెలకు ఉండదు గదా!

భోజనం సంగతి కూడ చెప్పాలి. బంతులన్నిటినీ ఫోటో తీసి చివరి బంతిలో కూర్చునేది ఆయన. అప్పటికి గారెలు అయిపోయి ఉంటాయి.

ఇక పని. 120 రకపు ఫిల్ముచుట్టలో చదరపు బొమ్మలు పన్నెండే వచ్చేవి. ఫిల్ము ఖరీదైనది, దొరకుట కష్టం. ఉదకమండలంలో హిందుస్తాన్ ఫోటో ఫిల్మ్స్ అను ప్రభుత్వ సంస్థ 1960లో ఏర్పడిన తరువాత కూడ చాలాకాలం ఆ ఇబ్బంది ఉన్నదట. అందుచేత ఒక సామాన్యుని పెండ్లికి రెండు చుట్టలు, అనగా ఇరువదినాలుగు బొమ్మలు. స్నాతకం మొదలు అప్పగింతల దాక రెండు దినాల తంతులో ఏ ఇరువదినాలుగు నిమేషాలు నిలువదగినవో అతడే నిర్ణయించాలి. మన కావ్యలాక్షణికులు ఔచిత్యమని దేనిని పిలిచినారో దానిని ఆయన చదువకుండానే అభ్యసించినారని నాకు తోచేది. ఇప్పుడు మూడువేల బొమ్మలు తీసి, అందులో మూడువందలు ఏరుకొనే సౌకర్యం వచ్చినది. అది తప్పు కాదు. కాని ఏరుట ముందుగా జరుగుటకూ తరువాత జరుగుటకూ భేదమున్నది.

తెలుగువారి పెండ్లిలో అసలు ముహూర్తం మంగళసూత్రధారణ కాదు, జీలకర్ర బెల్లం. మా విద్యార్థులలోనే చాలామందికి ఇది తెలియదు. వధూవరుల నడుమ తెర పట్టి ఉంటుంది. లగ్నం సమీపించగానే ఒకరి శిరస్సుపై ఒకరు జీలకర్ర బెల్లం ఉంచుతారు, తెర తొలగుతుంది, సన్నాయి, డోలు ఒక్కసారిగా మిన్నుముట్టుతవి, నాలుగువైపుల నుండి అక్షింతలు కురుస్తవి. మొదటిసారి ఇద్దరి చూపులూ కలిసే ఆ క్షణం రెండు మూడు సెకండ్లకు మించి నిలువదు. ఆయన వాడిన రెండు కటకాల కెమేరాలో మీద నుండి వంగి చూడాలి. లోపలి గాజుపలకపై కుడి ఎడమలు తారుమారై కనబడతవి. పెండ్లికొడుకు కుడికి వంగితే బొమ్మలో ఎడమకు వంగుతాడు. దీనికి తోడు దీపం. తొలిరోజులలో ఒక్కొక్క బల్బు ఒక్కసారే వెలిగి మాడిపోయేది. దానిని తీయబోతే వేళ్ళు కాలేవి. తరువాత వచ్చిన విద్యుత్ దీపం మాడదు గాని, ఒకసారి వెలిగినాక మళ్ళీ శక్తి పుంజుకొనుటకు కొన్ని సెకండ్లు పట్టేది. తెర కదలగానే తొందరపడి నొక్కినవానికి చూపులు కలిసే వేళకు దీపం వెలుగదు. "తెరని చూడకూడదు మాస్టారూ, పంతులుగారి చెయ్యి చూడాలి. ఆయన చెయ్యి లేవగానే లోపల ఒకటి, రెండు లెక్కపెట్టుకోవాలి" అని ఆయన చెప్పిన సూత్రం.

పురోహితులకూ ఫోటోవారికీ నడుమ ఉండే వైరం లోకప్రసిద్ధం. "బాబూ, చెయ్యి అలాగే ఉంచి ఇటు చూడండి" అని ఇతడు, "లగ్నం దాటిపోతున్నదయ్యా" అని ఆయన. మూడవ ముడి వేస్తున్న వరుని మధ్యలో ఆపి ముఖం త్రిప్పించే వారిని చూచినప్పుడు నాకూ పురోహితుని పక్షమే వహించబుద్ధి పుడుతుంది. మా మిత్రుడు మాత్రం ఎన్నడూ ఆపలేదు. జరిగినదానిని తీయాలి గాని తీయుట కొరకు జరిపించరాదని ఆయన పట్టుదల.

పెండ్లి ముగిసినాక అసలు భయం మొదలయ్యేది. చీకటిగదిలో ఎర్రదీపం ఉంటుందని మనం సినిమాలలో చూస్తాము. అది కాగితంపై అచ్చు తీసేటప్పటి మాట. ఫిల్మును కడిగేటప్పుడు ఆ దీపం కూడ పనికిరాదు, కటిక చీకటే. మెటాలు, హైడ్రోక్వినోను కలిపిన ద్రావకంలో కొన్ని నిమిషాలు, నీళ్ళు, ఆపైన హైపో. ఒక కుటుంబపు శుభకార్యమంతా ఆ చీకటిలో వ్రేళ్ళ స్పర్శకు అప్పగింపబడి ఉంటుంది. ఆ రసాయనాల వలన ఆయన గోళ్ళు నల్లబడినవి, చేతుల చర్మం చిట్లినది. తెల్లవారి పెండ్లివారు బొమ్మ చూచి, "అమ్మాయి ఇంకొంచెం తెల్లగా ఉంటుందండీ" అనేవారు. అప్పుడు సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగటివు మీద దిద్దాలి. ఆ దిద్దుబాటు విద్య ఇప్పుడు చేతిలో లేదు, కంప్యూటరులో ఉన్నది. కోరిక మాత్రం మారలేదు.

ఈ వృత్తికి మన ప్రాంతంలో ఘనమైన పూర్వచరిత్రే ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడు లాలా దీన్ దయాళ్ ఘోషా స్త్రీల కొరకు 1892లో ప్రత్యేకంగా ఒక స్టూడియో తెరిపించి, అందులో స్త్రీల చేతనే బొమ్మలు తీయించినాడు. నేడు పెండ్లిండ్లలో కెమేరా పట్టిన యువతులను చూచి ఆశ్చర్యపడే పెద్దలు ఇది గుర్తుంచుకొనవచ్చును.

ఛాయాగ్రాహకుడు కేవలం సాక్షి అనుకుంటాము. కాని సాక్షికి కూడ కొంత అధికారమున్నది. ఒక పెండ్లిలో వధువు తల్లి వితంతువు. బిడ్డను కని, పెంచి, పొలమమ్మి పెండ్లి చేస్తున్న ఆ తల్లి వంటశాల గుమ్మం దగ్గర స్తంభం చాటున నిలిచి చూస్తున్నది. పీటల మీద పినతండ్రి దంపతులు. తలంబ్రాలు అయినాక కుటుంబపు బొమ్మకు అందరూ నిలబడినారు. మా మిత్రుడు కెమేరాలో చూచి, తల ఎత్తి, "ఎడమ ప్రక్క ఖాళీగా ఉన్నదండీ, బొమ్మ ఒరిగిపోయినట్టు వస్తుంది. అమ్మగారిని రమ్మనండి" అన్నారు. ఎవ్వరూ కదలలేదు. ఆయన మళ్ళీ అదే మాట అన్నారు, కోపం లేకుండ, కేవలం వృత్తిధర్మంగా. చివరకు పెండ్లికూతురే "అమ్మా" అని పిలిచినది. ఎడమ ప్రక్క నిజంగా ఖాళీ ఉన్నదా అని నేనడిగితే, ఆయన నవ్వి ఊరుకున్నారు.

మరొక సంగతి. సప్తపది వేళకు సాధారణంగా చుట్టాలు భోజనాలకు లేస్తారు, ఫోటోవారు చుట్టాల వెంట పోతారు. ఈయన మాత్రం కదలరు. కారణం ఇది. ఆయన మేనమామ ఫోటో తీసిన ఒక పెండ్లిలోని అమ్మాయి కొన్నేండ్ల తరువాత స్టూడియోకు వచ్చినదట. భర్త మరొక పెండ్లి చేసుకొన్నాడు, మొదటిది పెండ్లే కాదంటున్నాడు. కోర్టులో చూపుటకు బొమ్మలు కావాలి. 1955 నాటి హిందూ వివాహ చట్టం ప్రకారం, సప్తపది ఆచారముగా ఉన్నచోట ఏడవ అడుగుతోనే వివాహం పూర్తి అవుతుంది. నెగటివులన్నీ వెదికినారు. జీలకర్ర బెల్లం ఉన్నది, తలంబ్రాలు ఉన్నవి, బంతిభోజనాలు నాలుగు ఉన్నవి. సప్తపది లేదు. ఆ అమ్మాయి ఉన్న బొమ్మలనే తీసుకొని వెళ్ళినదట. తరువాత ఏమైనదో ఆయనకు తెలియదు. తన చేతికి కెమేరా వచ్చిననాటి నుండి ఏడు అడుగులకు ఒక బొమ్మ ఆయన విడువలేదు.

ఈ వృత్తిలో ఒక్క పొరపాటు ఎంత దూరం పోతుందో నాకు స్వానుభవం. 1986లో మా అక్కయ్య పెండ్లి జరిగినది. మా నాయనగారు పల్లెటూరి బడిపంతులు. ఫోటోలంటే దండుగ అనే మనిషి, ఆ పెండ్లికి మాత్రం ఎవరో చెప్పగా పొరుగూరి నుండి ఒక ఫోటోగ్రాఫరును పిలిపించి, రంగుల ఫిల్మే వేయమన్నారు. అతడు రాత్రంతా శ్రమపడి తీసినాడు. వారం తరువాత వచ్చి మా అరుగు మీద కూర్చొని, ఏమీ చెప్పలేక ఏడ్చినాడు. ఫిల్ము కొస లోపలి చక్రపు చీలికలో పట్టుకొనలేదు. పైన అంకెలు ముప్పదియారు వరకు నడిచినవి, లోపల ఫిల్ము ఉన్నచోటనే ఉన్నది. ఒక్క బొమ్మ కూడ లేదు. నాయనగారు అతనికి మజ్జిగ ఇప్పించి, తిరిగి ఇయ్యబోయిన డబ్బులో సగమే పుచ్చుకొని పంపినారు. మరుసటి సంవత్సరం నాయనగారు పోయినారు. పెద్దకర్మ నాడు ముందుంచుటకు మా ఇంట ఆయన బొమ్మ లేదు. బడిపిల్లలతో తీసిన ఒక్క గుంపు ఫోటోలో ఆయన ముఖం ఆవగింజంత. అక్కయ్య ఆ మాట ఎత్తితే ఇప్పటికీ కన్నీరు పెడుతుంది.

ఈ కథ నేను మిత్రునితో చెప్పిననాడు ఆయన మొదట వృత్తి సంగతే మాట్లాడినారు. ఫిల్ము కదులుతుంటే కెమేరా ఎడమవైపు చుట్టుపిడి దానంతట అదే తిరుగుతుందట. ప్రతి బొమ్మకూ దానిని ఒక కంట కనిపెట్టాలట. కొంతసేపు ఊరుకొని, "మీ నాన్నగారు ఆ రోజుల్లో మా ఊరి పెళ్ళిళ్ళకి వచ్చేవారా మాస్టారూ?" అని అడిగినారు. బడిపంతులు గనుక శిష్యులందరూ పిలిచేవారు, ఆయన తప్పక వెళ్ళేవారు. నాకు గుర్తున్న నాలుగైదు పెండ్లిండ్ల పేర్లు ఒక కాగితం మీద వ్రాసి ఇచ్చినాను.

డబ్బిచ్చి తీయించుకొన్నవారిదే బొమ్మపై హక్కు అని 1957 నాటి కాపీరైటు చట్టం చెబుతుంది. కాని నెగటివులు స్టూడియోలలోనే ఉండిపోవుట మన దేశాచారం. ఆ అలవాటు ఎంతటి మేలు చేయగలదో అప్పుడు తెలిసినది. పదకొండు రోజుల పాటు, పని లేని ఆషాఢంలో, ఆయన పాత కవరులన్నీ దీపానికెత్తి చూచినారు.

కాలం మారినది. కొడాక్ వంటి సంస్థ 2012 జనవరిలో దివాలా రక్షణ కోరినది. ఆకాశం నుండి పందిరిని చిత్రించే యంత్రాలు వచ్చినవి. పెండ్లికి ముందే వధూవరులను కొండలకూ సముద్రతీరానికీ తీసుకొనిపోయి పాటలకు ఆడించుట వచ్చినది. దీనిని గురించి నా అభిప్రాయం అడుగకుండుట మేలు. 2020లో అంటువ్యాధి రోజులలో పెండ్లికి ఏబదిమందే అన్నప్పుడు, రానివారి కొరకు ఇంటింటికీ పెండ్లిని చేరవేసినది ఈ వృత్తివారే. ఇప్పుడు మిత్రుని కుమారుడు పని చూచుకొంటున్నాడు. అతిథులందరూ చేతిఫోనులు ఎత్తి అడ్డం నిలుస్తున్నారని అతని ఫిర్యాదు. వీపుల బాధ ఇప్పుడు వారికే వచ్చినదన్నమాట!

పండ్రెండవ నాడు ఆయన మేడ మెట్లెక్కి వచ్చి ఒక కవరు నా చేతిలో పెట్టినారు. 1984లో ఒక శిష్యుని పెండ్లిలో తీసిన బంతిభోజనం నుండి ఒక భాగాన్ని పెద్దది చేసిన బొమ్మ. నలుపు తెలుపులలో నాయనగారు. ఎదుట అరటియాకు కొస కనబడుతున్నది, ప్రక్కవారి మోచేయి ఒకటి మిగిలిపోయినది. పైనుండి ఎవరో నేయి వడ్డింపబోతుండగా, ఆకు మీద చేయి అడ్డం పెట్టి, తలయెత్తి చాలునంటూ నవ్వుతున్నారు. అక్కయ్య అది చూచి, ఆ మోచేయి తీసివేయించవద్దన్నది. అది అట్లాగే పటం కట్టించినాము.