వాన ముఖం చాటేస్తే చేను ఎలా బతుకుతుంది?

అనంతపురం ప్రాంతంలో ఏడాదికి కురిసేది సుమారు 550 మిల్లీమీటర్ల వానే. అదీ వరసగా పడదు. విత్తాక వారాల తరబడి చుక్క రాలని బెట్ట ఇక్కడ మామూలే.

వేరుశనగకు బెట్ట ఎందుకంత ప్రమాదం? పూత అయ్యాక మొక్క నుంచి సన్నని ఊడలు కిందికి దిగుతాయి. అవి మట్టిలోకి గుచ్చుకుంటేనే కాయ కడుతుంది. ఎర్రనేల ఎండి గట్టిపడితే ఊడ మొన లోపలికి దూరలేక పైనే వాడిపోతుంది.

అందుకే చాలామంది సన్నకారు రైతులు వేరుశనగ సాళ్ల నడుమ కంది వేస్తారు. కంది తల్లివేరు లోతుకు దిగి అడుగు తేమను అందుకుంటుంది. దాదాపు ఆరు నెలల పంట కాబట్టి ఆలస్యంగా పడ్డ వాన కూడా దానికి పనికొస్తుంది. వేరుశనగ దెబ్బతిన్నా ఇంటికి కందులు వస్తాయి. ఎంత ముందుచూపో చూడండి!

వాన వెలిశాక పదును చూసి సాళ్ల మధ్య గుంటక తోలుతారు. పైమట్టి పొడిపొడిగా విడిపోతే కింది తేమ పైకెక్కే సన్నని దారులు తెగుతాయి. ఊడలు దిగాక మాత్రం తోలకూడదు, అవి తెగిపోతాయి.

ఇప్పుడు కొందరు వానకు ముందే నవధాన్యాలు చల్లుతున్నారు. గింజలకు బంకమట్టి, బూడిద పట్టించి ఆరబెడతారు. చిన్న జల్లుకే తొందరపడి మొలవకుండా, నేల బాగా తడిసేదాకా ఆ పూత వాటిని ఆపుతుంది.