విశ్వాసానికి వెల కట్టేదెవరు?

లోకాశలు విడిచిపెట్టమని తెలుగు క్రైస్తవులు ప్రతి ఆదివారం ప్రసంగాలు వింటారు. వారి నిబద్ధతకు అసలు పరీక్ష మాత్రం రెవెన్యూ కార్యాలయంలో ఎదురవుతోంది. పైగా ఆ పరీక్ష అందరికీ ఒకేలా లేదు.

1971 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 4.19 శాతం. 2001 నాటికి అది 1.55 శాతానికి, 2011 నాటికి 1.34 శాతానికి తగ్గింది. అంటే నలభై ఏళ్ళలో మూడో వంతుకు పడిపోయింది. కానీ కోస్తా జిల్లాల్లో ఏ దళితవాడకు వెళ్ళినా ఒకటికి రెండు ప్రార్థన మందిరాలు కనిపిస్తాయి. వేసవిలో ఉజ్జీవ సభలు, డిసెంబర్ వస్తే ఊరూరా సెమీ క్రిస్మస్ వేడుకలు. మందిరాలు పెరుగుతుంటే విశ్వాసులు తరిగిపోవడమేమిటి? ఈ చిక్కుముడి చాలావరకు కులధ్రువీకరణ పత్రం దగ్గరే విడిపోతుంది.

1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డ్ కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కు దళితులకు, 1990లో బౌద్ధ దళితులకు ఆ హోదా దక్కింది. క్రైస్తవులకు దక్కలేదు. క్రైస్తవం స్వీకరించిన దళితులను తెలుగు రాష్ట్రాల్లో బీసీ-సీ వర్గంలో చేర్చారు. ఎస్సీల కోటా 15 శాతం, బీసీ-సీ కోటా 1 శాతం. మతం మారినట్టు కాగితం మీద రాసుకున్న మరుక్షణం ఉద్యోగంలో, కాలేజీ సీటులో వాటా కుదించుకుపోతుంది. ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గంలో పోటీ చేసే అర్హత పోతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం రక్షణ కూడా ఉండదు.

అందుకే ఎన్నో ఇళ్ళలో ఒక మనిషికి రెండు పేర్లుంటాయి. బాప్తిస్మం నాడు పెట్టిన పేరు సంఘంలో పిలవడానికి, రెండోది బడి రిజిస్టర్‌కు, సర్టిఫికెట్లకు. జనాభా లెక్కల ఉద్యోగి గడపలోకి వస్తే ఏ పేరు చెప్పాలో ఇంట్లో అందరికీ తెలుసు.

వేదిక మీద వినిపించని పాపం

చర్చిల్లో ‘లోకం’ అనే మాటకు ప్రత్యేకమైన అర్థం ఉంది. సినిమాలు, మద్యం, ముహూర్తాలు, జాతకాలు దాని కిందికి వస్తాయి. పెంతెకోస్తు సంఘాల్లో నగలూ అంతే. తెల్లచీర కట్టి, మెడలో గొలుసు కూడా లేకుండా ఆరాధనకు వచ్చే మహిళలను ఆ సంఘాల్లో చూడొచ్చు. ఆదివారం వచ్చిపోయి మిగతా వారమంతా తమ దారిన తాముండేవారిని పాస్టర్లు ‘నామకార్థ క్రైస్తవులు’ అంటారు.

అయితే నిబద్ధతకు లోటేమీ లేదు. రోజు కూలి మీద బతికే కుటుంబాలు దశమభాగం తీసి పక్కన పెడతాయి. కోతల పండుగ నాడు కొత్త ధాన్యం, కోళ్ళు, గుమ్మడికాయలు మందిరానికి తెచ్చి వేలంలో తామే పాడుకుంటారు. శుక్రవారం ఉపవాస కూడికకు పని మానుకుని వచ్చేవారికి అది ఒక రోజు కూలి నష్టం. లోకం వైపు లాగే బలాల గురించి వారికి వేరే చెప్పనక్కర్లేదు.

వేదిక మీద తక్కువగా వినిపించే విషయాలు వేరే ఉన్నాయి. వాటిలో మొదటిది కులం. క్రైస్తవ పెళ్ళి సంబంధాల ప్రకటనల్లో మాల, మాదిగ, ఆర్.సి. రెడ్డి, ఆర్.సి. కమ్మ అన్న మాటలు నిస్సంకోచంగా కనిపిస్తాయి. ఒంగోలు ప్రాంతపు బాప్తిస్టు సంఘాల్లో మాదిగలు, గుంటూరు ప్రాంతపు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ. రెండోది ఆస్తి. మిషనరీలు వదిలివెళ్ళిన స్థలాలు పట్టణాల నడిబొడ్డున కోట్ల విలువ చేస్తున్నాయి. వాటి అజమాయిషీ కోసం సంఘ పెద్దలే కోర్టుకెక్కిన ఉదాహరణలు తక్కువేమీ కాదు.

ఈ రెండింటినీ వదిలేసి, ఎస్సీ సర్టిఫికెట్ తీసుకున్న కూలీ కొడుకును మాత్రం విశ్వాసంలో బలహీనుడని వేలెత్తి చూపడం తేలిక. గుంటూరు జిల్లా ఫిరంగిపురం పరిసరాల్లో తరతరాలుగా కతోలికులైన రెడ్డి, కమ్మ కుటుంబాలున్నాయి. తాము క్రైస్తవులమని రాసుకున్నందుకు వారు రిజర్వేషన్ రూపంలో కోల్పోయేదేమీ లేదు. ఒకే బల్ల దగ్గర ప్రభు భోజనం తీసుకునే ఇద్దరిలో ఒకరికి విశ్వాసం ఉచితం. మరొకరికి దాని వెల పిల్లల చదువు, ఉద్యోగం.

గుండ్లకమ్మ ఒడ్డున

తిండి కోసం మతమా, మతం కోసం మతమా అన్న ప్రశ్న ఇక్కడ కొత్తది కాదు. 1866లో ఒంగోలులో స్థిరపడిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ ముందు అది రెండుసార్లు నిలిచింది. మొదట అగ్రవర్ణాల పిల్లలు ఆయన బడికి వచ్చారు. ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగలు సంఘంలో చేరుతుండటంతో, వారిని చేర్చుకుంటే తమ పిల్లలను మానిపిస్తామని పెద్దలు చెప్పారు. పలుకుబడి ఉన్నవారు దూరమవుతారని తెలిసినా ఆయన మాదిగలనే ఎంచుకున్నారు. బడి ఖాళీ అయింది.

రెండో పరీక్ష 1876-78 కరవు. ఇంజినీరింగ్ తెలిసిన క్లౌ, బకింగ్‌హాం కాలువలో కొన్ని మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి పని, కూలి ఇచ్చారు. ఆ రోజుల్లో బాప్తిస్మం అడిగినవారికి మాత్రం ఇవ్వలేదు. అన్నం కోసం వస్తున్నారో, విశ్వాసంతో వస్తున్నారో తేల్చుకోలేని సమయంలో రెండింటినీ కలపకూడదన్నది ఆయన ఆలోచన. కరవు సహాయం ముగిశాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ ఏడాది చివరికి ఆ సంఖ్య 9,606కు చేరింది.

ఆ వేలమందీ గౌరవం కోరి రాలేదా, బడి కోరి రాలేదా అని అడగవచ్చు. వచ్చే ఉంటారు. ఊరి బావి దగ్గరకు రానివ్వని సమాజంలో మనిషిగా పిలిపించుకోవాలన్న కోరికను లోకాశ అని కొట్టిపారేయలేం.

కోర్టు కొలిచిన నిజాయితీ

నేటి న్యాయస్థానాలు ఈ ప్రశ్నను మరోవైపు నుంచి అడుగుతున్నాయి. చర్చికి క్రమంగా వెళుతూనే ఉద్యోగం కోసం హిందువునని చెప్పి ఎస్సీ సర్టిఫికెట్ కోరిన పుదుచ్చేరి మహిళ అప్పీలును సుప్రీంకోర్టు 2024 నవంబర్ 26న తోసిపుచ్చింది. నమ్మకం లేకుండా రిజర్వేషన్ ప్రయోజనం కోసమే మతం మారానని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమేనని వ్యాఖ్యానించింది. కులం పేరుతో దూషించి దాడి చేశారని ఫిర్యాదు చేసిన ఒక పాస్టరు కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2025లో తీర్పు ఇచ్చింది. చేతిలో ఎస్సీ సర్టిఫికెట్ ఉన్నా, క్రైస్తవుడిగా జీవిస్తున్న వ్యక్తికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తేల్చింది.

ఉన్న చట్టం ప్రకారం ఆ తర్కానికి బలం ఉంది. అబద్ధపు ప్రకటనను ఏ కోర్టూ సమర్థించలేదు. క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇస్తే ఉన్న వాటాయే పలచబడుతుందన్న హిందూ దళితుల భయమూ నిజమైనదే. మిషన్ బడుల వల్ల క్రైస్తవులకు ముందే చదువు అందిందని వారు గుర్తుచేస్తారు. కానీ తిట్టేవాడు బాప్తిస్మం సర్టిఫికెట్ అడిగి తిట్టడు. మతం మారినా వాడ మారలేదు.

ఎస్సీ హోదాకూ మతానికీ ముడి తెంచాలని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే సిఫారసు చేసింది. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2009లో, మళ్ళీ 2023లో దళిత క్రైస్తవులకు అనుకూలంగా తీర్మానాలు చేసింది. కేంద్రం 2022 అక్టోబర్‌లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్‌ను నియమించి, తర్వాత గడువు పొడిగించింది.

ఆ కమిషన్ ఏం చెప్పినా చర్చి పెద్దలు చేయాల్సిన పని మిగిలే ఉంటుంది. కులం చూసి పెళ్ళి చేసే సంఘం, స్థలాల లెక్క చెప్పని కమిటీ ఇతరుల లోకాశల గురించి బోధించలేవు. ఇక ప్రభుత్వం విషయానికొస్తే, నూట యాభై ఏళ్ళ కిందట ఒక మిషనరీ అన్నానికీ బాప్తిస్మానికీ మధ్య గీత గీశారు. విశ్వాసం నిజమో కాదో అప్పుడే తెలుస్తుందని ఆయన నమ్మారు. చట్టం ఆ రెండింటినీ ముడివేసి ఉంచినంత కాలం, ఆదివారం మందిరంలో ఉన్నవారెందరో జనాభా లెక్కలు చెప్పలేవు.