ఒత్తిడిలో ఊపిరి... వయసు తగ్గేనా?

విమానంలోలా వరుసగా కుర్చీలు. వాటిలో అరవై దాటిన పెద్దవాళ్లు. అందరి ముఖాలకూ మాస్కులు. తలుపు మూసుకోగానే లోపల గాలి పీడనం మెల్లగా పెరుగుతుంది. విమానం కిందికి దిగేటప్పటిలా చెవులు బిగుసుకుంటాయి. గుటక వేస్తే సర్దుకుంటాయి. ఆ తర్వాత చేయాల్సిందల్లా... గంటన్నరపాటు తీరిగ్గా ఊపిరి తీసుకోవడమే!

ఇజ్రాయెల్‌లోని షమీర్ వైద్య కేంద్రం, టెల్ అవీవ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 64 ఏళ్లు, అంతకు పైబడిన 35 మందికి ఇలా 60 విడతలుగా ఆక్సిజన్ ఇచ్చే ప్రయోగం చేశారు. 2020 నవంబరులో ఫలితాలు బయటికి రాగానే 'వయసు వెనక్కి మళ్లింది' అంటూ ప్రపంచమంతా వార్తలు గుప్పుమన్నాయి. ఇంతకీ ఆ గదిలో జరిగేదేమిటి? వయసు నిజంగానే తగ్గుతుందా?

సోడాబుడ్డి సూత్రమే!

మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. రక్తంలో దాన్ని మోసుకెళ్లేది హిమోగ్లోబిన్. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో అది ఎప్పుడూ దాదాపు నిండుగానే ఉంటుంది... సీట్లన్నీ నిండిన బస్సులా. మరి అదనంగా ఆక్సిజన్ ఎక్కించాలంటే? సోడాబుడ్డి గుర్తుచేసుకోండి. ఒత్తిడి పెంచితే గ్యాసు నీళ్లలో ఎక్కువగా కరుగుతుంది. ఇక్కడా అంతే. మామూలు కన్నా రెండు మూడు రెట్ల పీడనంలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే అది నేరుగా రక్తంలోని ప్లాస్మాలో కరుగుతుంది. మామూలుగా 100 మిల్లీలీటర్ల రక్తంలో కరిగి ఉండే ఆక్సిజన్ 0.3 మిల్లీలీటర్లే. మూడు రెట్ల పీడనంలో అది సుమారు 6 మిల్లీలీటర్లకు చేరుతుంది.

సముద్రం లోతుల్లోంచి వేగంగా పైకొచ్చిన డైవర్ల రక్తంలో ఏర్పడే నైట్రోజన్ బుడగలు, కార్బన్ మోనాక్సైడ్ విషప్రభావం, గ్యాస్ గాంగ్రీన్, క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకున్నాక దెబ్బతిన్న కణజాలం, ఓ పట్టాన మానని కొన్ని రకాల సుగర్ పుండ్లు... వీటికి ఇది గుర్తింపు పొందిన చికిత్సే.

చివరి ముడి కథ

వయసు సంగతికొద్దాం. తాడు చివర పీచు లేవకుండా ముడి వేస్తాం కదా. మన క్రోమోజోముల చివర్లలోనూ అలాంటి రక్షణ ఉంటుంది. అవే టెలోమియర్లు. వీటి గుట్టు విప్పిన ముగ్గురు శాస్త్రవేత్తలకు 2009లో నోబెల్ బహుమతి దక్కింది. కణం విభజన చెందినప్పుడల్లా ఈ ముడి కొంచెం అరుగుతుంది. మరీ అరిగిపోతే కణం విభజన ఆపేస్తుంది. ఇజ్రాయెల్ ప్రయోగంలో రక్తంలోని రోగనిరోధక కణాల టెలోమియర్లు 20 శాతానికి పైగా పొడవు పెరిగాయట. వాటిలో ముసలి కణాలు రకాన్ని బట్టి 10 నుంచి 37 శాతం దాకా తగ్గాయట.

అందులో ఓ కిటుకుంది. ప్రతి 20 నిమిషాలకోసారి అయిదు నిమిషాలపాటు మాస్కు తీసేస్తారు. పెరిగిన ఆక్సిజన్ ఒక్కసారిగా మామూలు స్థాయికి దిగేసరికి ఒంట్లోని కణాలు దాన్ని కొరతగా భావించి మరమ్మతు పనులు మొదలుపెడతాయన్నది పరిశోధకుల వాదన.

సంబరం సరే... కానీ

పరిశీలించింది కొద్దిమందినే. ఈ చికిత్స తీసుకోనివారితో పోల్చి చూడలేదు. చివరి విడత అయిన ఒకటి రెండు వారాలకే ఆఖరి పరీక్ష చేశారు. పైగా కొలిచింది రక్తకణాలను. గుండె, కీళ్లు, చర్మం వయసును కాదు. అదే బృందం 63 మందిని రెండు జట్లుగా చేసి జరిపిన మరో పరిశోధనలో చికిత్స తీసుకున్నవారి ఏకాగ్రత, ఆలోచనా వేగం మెరుగైనట్టు తేలింది. ఇది ఆశ కలిగించేదే. అయినా ఎక్కువ కాలం బతుకుతారని గానీ, జబ్బులు దరిచేరవని గానీ ఇవేవీ రుజువు చేయలేదు.

ఇలాంటి హడావుడి కొత్తదేమీ కాదు. 1928లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఓ డాక్టరు కోసం అయిదంతస్తుల ఉక్కు గోళాన్నే ఆసుపత్రిగా కట్టారు. పీడనంతో నింపిన గాలితో సుగర్, క్యాన్సర్ కూడా నయమవుతాయన్నది ఆయన నమ్మకం. ఆధారాలు చూపమని వైద్యసంఘం అడిగితే ఆయన చూపలేకపోయారు. 1942లో ఆ గోళం తుక్కు కిందికి పోయింది!

జాగ్రత్తలూ ఉన్నాయి. చెవిలో కర్ణభేరి దెబ్బతినొచ్చు. చూపు తాత్కాలికంగా మసకబారొచ్చు. అరుదుగా మూర్ఛ రావచ్చు. అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు. ఇటలీలోని మిలాన్‌లో 1997లో ఇలాంటి గదిలో మంటలు చెలరేగి 11 మంది చనిపోయారు. 2025 జనవరిలో అమెరికాలోని మిచిగన్‌లో అయిదేళ్ల బాలుణ్ని ఈ మంటలే బలితీసుకున్నాయి.

అందుకే మానని పుండుకు డాక్టరు సూచిస్తే, అన్ని ఏర్పాట్లూ ఉన్న ఆసుపత్రిలో తీసుకోవడానికి వెనకాడనక్కర్లేదు. 'వయసు తగ్గిస్తాం' అని ఎవరైనా ప్యాకేజీ చెబితే మాత్రం పెద్దాయన పింఛను డబ్బులు తీసేముందు ఇంటిల్లిపాదీ కూర్చుని ఆలోచించాలి. ఇంట్లో పెట్టుకునే సంచిలాంటి గదుల్లో పీడనం సాధారణంగా 1.3 రెట్లే ఉంటుంది. ప్రయోగంలో వాడింది రెండు రెట్లు. రెండూ ఒకటి కావు.

ఈలోగా... పొద్దున్నే పార్కులో నడిచే తాతయ్యలూ బామ్మలూ పీల్చే గాలిలో ఆక్సిజన్ 21 శాతమే. దాన్ని ఒళ్లంతా చురుగ్గా తిప్పే పని నడకే చూసుకుంటుంది. దానికి టికెట్టూ లేదు, ప్యాకేజీ అంతకన్నా లేదు!