రేసులో దెబ్బ తగిలిన పిల్లవాడు ఇంటికొచ్చాక



ఈవేళ నేను మాట్లాడబోయేది మన తెలుగు ఇళ్ళల్లో అంతగా చర్చకి రాని విషయం. పిల్లలకి రేసులాంటి ఆటలో పెద్ద దెబ్బ తగిలి, ఆస్పత్రి నుంచి ఇంటికి పంపించేశాక తల్లిదండ్రులుగా మన పని ఏమిటి అన్నది. ముందే చెబుతున్నాను, నేను డాక్టర్ని కాను. ఒషావాలో ఉంటున్న ఒక తల్లిని. మా అబ్బాయికి పధ్నాలుగో ఏట గో-కార్ట్ రేసులో ప్రమాదం జరిగింది. ఆ తరవాత డాక్టర్ల దగ్గరా, నర్సుల దగ్గరా తెలుసుకున్నవీ, మేము ఇంట్లో చేసి చూసినవీ మీకు చెబుతాను.

"చదువుకునే పిల్లాడికి ఈ రేసుల పిచ్చి ఎక్కణ్ణించి పట్టుకుందమ్మా?" అని చాలామంది అడిగారు. ఒషావాలో పెరిగే పిల్లలకి రేసు కారు వింత వస్తువేమీ కాదు. ఇది కార్ల ఊరు. ఇక్కడ గుర్రబ్బళ్ళు తయారుచేసిన మెక్‌లాఫ్లిన్ కుటుంబం 1907లో కార్లు మొదలుపెట్టింది, 1918లో అది జనరల్ మోటార్స్ ఆఫ్ కెనడా అయింది. తూర్పుగా వెళితే బౌమన్‌విల్ దగ్గర మోస్పోర్ట్ ఉంది. 1961లో మొదలైన ఆ ట్రాక్ మీద 1967లో కెనడా దేశపు మొట్టమొదటి ఫార్ములా వన్ ప్రపంచ ఛాంపియన్‌షిప్ పందెం జరిగింది. తరవాత దానికి కెనడియన్ టైర్ మోటార్‌స్పోర్ట్ పార్క్ అని పేరు పెట్టారు. ఇలాంటి చోట పిల్లవాడికి చక్రాల మీద మోజు పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

అసలు కార్ట్ ప్రమాదం ఎలా జరుగుతుందో కొంచెం చెప్పాలి. రేసు కార్టుకి మామూలుగా సీటు బెల్టు ఉండదు, చక్రాలకి పైకప్పు ఉండదు. ముందున్న బండి వెనక చక్రానికి మన ముందు చక్రం తగిలిందంటే మన బండి దాని మీదకి ఎక్కి పల్టీ కొట్టే ప్రమాదం ఉంది. మావాడికి జరిగింది అదే. ఎడమ మణికట్టు విరిగింది, తల నేలకి కొట్టుకుంది. హెల్మెట్ ఉంది. స్పృహ తప్పలేదు. తనంతట తనే లేచి నిలబడి, బండికేమైందని అడిగాడు కూడా.

మణికట్టు సంగతి తేలిక. ఎక్స్‌రే తీశారు, పిండికట్టు వేశారు, ఎన్నాళ్ళు ఉంచాలో చెప్పారు. అందరికీ కనిపించే దెబ్బ కాబట్టి అందరూ జాగ్రత్తగానే ఉన్నారు. కనిపించని దెబ్బ తలలో ఉంది. దాన్ని ఇక్కడ కన్‌కషన్ అంటారు. అంటే, తల ఒక్కసారిగా అదిరినప్పుడు పుర్రె లోపల మెదడు కదిలిపోయి, కొంతకాలం దాని పని సరిగా నడవకపోవడం.

దీని గురించి మనవాళ్ళలో మూడు అపోహలు ఉన్నాయి. మొదటిది, స్పృహ తప్పలేదు కదా, ఇంకేం ఫరవాలేదు అని. చాలామందికి స్పృహ తప్పకుండానే కన్‌కషన్ అవుతుంది. రెండోది, స్కాన్‌లో ఏమీ లేదన్నారు కదా అని. సి.టి. స్కాన్ తీసేది ముఖ్యంగా రక్తస్రావం గాని, పుర్రె చిట్లడం గాని ఉందేమో చూడటానికి. కన్‌కషన్ అందులో కనబడదు. మూడోది, హెల్మెట్ ఉంది కదా అని. హెల్మెట్ పుర్రెని కాపాడుతుంది, ప్రాణం కాపాడుతుంది. లోపల మెదడు కదలకుండా పూర్తిగా ఆపలేదు. ఒకసారి గట్టిదెబ్బ తిన్న హెల్మెట్‌ని, పైకి బాగానే కనిపించినా, మళ్ళీ వాడకూడదు.

ఇంటికి తెచ్చాక కొన్ని లక్షణాలు కనిపెట్టి ఉండాలి. తలనొప్పి అంతకంతకీ పెరగడం, మాటిమాటికీ వాంతులు, లేపినా లేవలేనంత మగత, ఫిట్స్, కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కడం లేక పట్టు తప్పడం, మాట తడబడటం, మనుషుల్ని గుర్తుపట్టకపోవడం, మెడ విపరీతంగా నొప్పి పుట్టడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆలోచించకుండా 911కి ఫోన్ చెయ్యాలి. అంత అత్యవసరం కాని సందేహమైతే ఒంటారియోలో 811కి చేస్తే ఏ వేళప్పుడైనా నర్సు మాట్లాడుతుంది.

ఇక విశ్రాంతి. పూర్వం చీకటి గదిలో రోజుల తరబడి పడుకోబెట్టమనేవారు. ఇప్పుడు ఆ పద్ధతి మారింది. మొదటి ఒకటి రెండు రోజులు ఒళ్ళూ మెదడూ అలవకుండా చూసుకోవాలి. ఫోను, వీడియో గేములు బాగా తగ్గించాలి. ఆ తరవాత బాధ మరీ ఎక్కువ కానంతవరకూ ఇంట్లో తిరగడం, వీధిలో కాస్త నడవడం మంచిదే అంటున్నారు. ముందు బడి, తరవాత ఆట, ఇదీ వరస. బడి కూడా ఒక్కసారిగా కాదు. మావాడు మొదట పూటబడికి వెళ్ళాడు. పరీక్షలు వాయిదా వేశారు, ట్యూబులైట్ల వెలుతురు పడటం లేదంటే టోపీ పెట్టుకోనిచ్చారు. ఆట విషయంలోనూ మెట్లున్నాయి. నడక, తరవాత తేలికపాటి వ్యాయామం, తరవాత దెబ్బ తగిలే అవకాశం లేని సాధన. తలకి మళ్ళీ దెబ్బ తగలగల ఆట మాత్రం డాక్టరు సరే అన్నాకనే. పిల్లల్లో ఎక్కువమందికి నాలుగు వారాల్లోపు తగ్గుతుంది. కొందరికి అంతకన్నా ఎక్కువ పడుతుంది, మావాడు ఆ కొందరిలో ఒకడు.

ఇంతవరకూ చెప్పింది మీకు ఏ ఆస్పత్రి కాగితంలోనైనా దొరుకుతుంది. కాగితంలో లేనిది ఇప్పుడు చెబుతాను. ఈ జబ్బుని కొలిచే మీటరు లేదు. తలనొప్పి ఉందో లేదో, అక్షరాలు అలుక్కుపోతున్నాయో లేదో పిల్లవాడు చెబితేనే మనకి తెలుస్తుంది. డాక్టరు నిర్ణయం కూడా చాలావరకు వాడి మాట మీదే ఆధారపడుతుంది. ఆ పిల్లవాడికి అబద్ధం చెప్పడానికి బలమైన కారణం ఒకటుంది. నొప్పి ఉందంటే ఆట పోతుంది!

మూడో వారంలో మావాడు పొద్దున్నే "బ్రహ్మాండంగా ఉందమ్మా, నొప్పే లేదు" అన్నాడు. సాయంత్రం హోంవర్కు దగ్గర ఒక కన్ను మూసుకుని చదువుతున్నాడు. "ఏరా, తలనొప్పా?" అంటే "అబ్బే, లేదమ్మా" అన్నాడు. మా అత్తగారు రాజమండ్రి నుంచి రోజూ ఫోన్ చేసి, "ఇంక ఆ బండి ముట్టుకోనని నా మీద ఒట్టు వెయ్యరా నాన్నా" అని వాణ్ణి బతిమాలుతున్న రోజులవి. నాయనమ్మ అలా ఏడుస్తుంటే, అమ్మ ముఖం ఇలా వాడిపోయి ఉంటే, పధ్నాలుగేళ్ళవాడు నిజం ఎలా చెబుతాడు? మన భయం చూసి వాడు నొప్పి దాచుకుంటాడు.

దాచుకుంటే ఏమవుతుందో చెప్పే విషాదం ఒంటారియోలోనే జరిగింది. ఒటావా దగ్గర రోవన్ స్ట్రింగర్ అనే పదిహేడేళ్ళ అమ్మాయి, తన హైస్కూలు రగ్బీ జట్టుకి కెప్టెన్. 2013 మే నెలలో కొద్దిరోజుల తేడాతో తలకి మళ్ళీ మళ్ళీ దెబ్బలు తగిలాయి. మొదటి దెబ్బ నయం కాకుండానే ఆడింది. చివరి దెబ్బతో ప్రాణం పోయింది. ఆమె తల్లిదండ్రులు ఆ దుఃఖంలోనే పట్టుబట్టి పనిచేస్తే 2018లో రోవన్స్ లా అనే చట్టం వచ్చింది. దాని ప్రకారం, ఆ చట్టం కిందకి వచ్చే క్రీడాసంస్థల్లో చేరే పిల్లలూ వాళ్ళ తల్లిదండ్రులూ ఏటా కన్‌కషన్ సమాచారం చదివామని చెప్పాలి. అనుమానం వస్తే ఆటగాణ్ణి వెంటనే ఆట నుంచి తప్పించాలి. మీ పిల్లలు ఏ క్లబ్బులో చేరినా, "కన్‌కషన్ అనుమానం వస్తే మీ పద్ధతేమిటి?" అని చేరేముందే అడగండి.

ఆ సాయంత్రం తరవాత మావారూ నేనూ కూర్చుని రెండు విషయాలు అనుకున్నాం. వాణ్ణి పిలిచి చెప్పాం. ఒకటి, "నీకు నొప్పి ఉందని చెప్పినంత మాత్రాన రేసు మానిపించం. ఆ సంగతి డాక్టరు సరే అన్నాక, వేరే రోజున, ముగ్గురం కూర్చుని తేల్చుకుందాం. అప్పటిదాకా ఈ ఇంట్లో ఆ మాట ఎవరూ ఎత్తరు." రెండోది, ఒక చిన్న నోటు పుస్తకం. పొద్దునా రాత్రీ వాడే అందులో సున్నా నుంచి పది దాకా ఒక అంకె వెయ్యాలి. తలనొప్పికి ఒకటి, కళ్ళు తిరగడానికి ఒకటి, చిరాకుకి ఒకటి. మధ్యలో మేము "ఎలా ఉందిరా?" అని అడగం. రోజుకి ఇరవైసార్లు అడిగితే వాడి ధ్యాస అంతా నొప్పి మీదే ఉంటుంది, మన ధ్యాస అంతా వాడి ముఖం మీదే ఉంటుంది. మర్నాడు పొద్దున తలనొప్పి ఎదురుగా ఆరు అని వేసి ఉంది. అది చూసి భయం వేసింది, కానీ అది నిజం అంకె. డాక్టరుకి ఆ పుస్తకమే చూపించాం. ఆవిడ బడి గంటలు మళ్ళీ తగ్గించారు.

ఇక ఇండియాలో ఉన్న పెద్దవాళ్ళకి చెప్పడం. కొందరు అసలు చెప్పరు. మేము చెప్పాం, కానీ మా అత్తగారికి రేసు అంటే రోడ్డు మీద పందెం. 2011లో హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు మీద స్పోర్ట్స్ బైకు ప్రమాదంలో గాయపడి అజరుద్దీన్ గారి చిన్న కొడుకు అయాజుద్దీన్ పందొమ్మిదేళ్ళకే పోయాడు. ఆ వార్త ఆవిడ మనసులోంచి పోలేదు. ఆవిడ భయం అర్థం లేనిది కాదు. అందుకని మావారు ఆవిడకి తేడా నిదానంగా చెప్పారు. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకి వెళతారు, ఎదురుగా లారీ రాదు, జెండా ఊపితే ఆపాలి, ఆంబులెన్సు సిద్ధంగా ఉంటుంది అని. ఇక్కడ రోడ్డు మీద పందెం వేస్తే 30 రోజులు లైసెన్సు, 14 రోజులు కారు అక్కడికక్కడే పోతాయనీ, నేరం రుజువైతే కనీసం రెండు వేల డాలర్ల జరిమానా ఉందనీ మావాడి చేతే చెప్పించారు. "ఒట్లు వేయించకమ్మా, కథలు చెప్పు, వాడికి చదవడం కష్టంగా ఉంది" అన్నారు. ఆ మాట పనిచేసింది. ఆవిడ రోజూ అరగంట కథ చెప్పేవారు, వాడు కళ్ళు మూసుకుని వినేవాడు.

ధైర్యం చెప్పేవాళ్ళు మాకు రాబర్ట్ విక్కెన్స్ పేరు చెప్పేవారు. ఒంటారియోలోని గ్వెల్ఫ్ అతనిది. 2018 ఆగస్టులో పెన్సిల్వేనియాలోని పోకోనో ట్రాక్ మీద జరిగిన ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతింది. కాళ్ళతో నడపలేని మనిషి చేతులతో నడిపే ఏర్పాటున్న కారులో 2022లో మళ్ళీ రేసుల్లోకి వచ్చాడు, ఆ వేసవిలో మన పక్కనున్న బౌమన్‌విల్ ట్రాక్ మీదే గెలిచాడు. గొప్ప సంగతే. కానీ వినేటప్పుడు గెలుపు ఒక్కటే వింటాం, మధ్యలోని మూడున్నరేళ్ళు వినం. పిల్లవాడికి చెప్పేటప్పుడు ఆ మూడున్నరేళ్ళు కూడా చెప్పండి.

డబ్బు సంగతి కూడా రెండు మాటలు. ఓహిప్ ఉన్నవాళ్ళకి ఎమర్జెన్సీకీ, డాక్టర్లకీ బిల్లు రాదు. ఆంబులెన్సుకి, అవసరమేనని ఆస్పత్రి ఒప్పుకుంటే, 45 డాలర్లు. పంతొమ్మిదేళ్ళు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకి డాక్టరు రాసిస్తే ప్రభుత్వం డబ్బిచ్చే క్లినిక్కుల్లో ఫిజియోథెరపీ ఉచితం. అన్ని క్లినిక్కులూ అలాంటివి కావు, ముందే అడగాలి. పిల్లలు రేసుల్లాంటి వాటిల్లో చేరేముందు మీ ఉద్యోగంలో ఇచ్చే ఇన్సూరెన్సు వాటిని మినహాయించిందేమో చూసుకోండి.

తొమ్మిదో వారానికి పుస్తకంలో వరసగా సున్నాలు వచ్చాయి. డాక్టరు పరీక్షించి సరే అన్నారు. అప్పుడు, అన్నమాట ప్రకారం, ముగ్గురం కూర్చున్నాం. నేను వద్దన్నాను. మావారు ఒక ఏడాది ఆగుదామన్నారు. వాడు తన వాదన కాగితం మీద రాసుకొచ్చాడు. చివరికి ఆ సీజను రేసు లేదు, శనివారాలు ట్రాక్ దగ్గర మెకానిక్కుకి సాయం చెయ్యడం మాత్రమే, వసంతంలో మళ్ళీ మాట్లాడుకుందాం అని తేలింది. నాకు ఇప్పటికీ పూర్తిగా ఇష్టం లేదు, ఆ సంగతి వాడికి తెలుసు. వాడికి ఇంకా తిరిగి వెళ్ళాలని ఉంది, ఆ సంగతి నాకు తెలుసు. అప్పుడప్పుడు తలనొప్పి వస్తే ఇప్పుడు వాడే వచ్చి చెబుతున్నాడు.

మీ ఇంట్లో హాకీ ఉన్నా, సాకర్ ఉన్నా, మంచు మీద స్కీయింగ్ ఉన్నా ఇదే వర్తిస్తుంది. నోటు పుస్తకం ఒక డాలరు. దెబ్బ తగిలిన రోజే కొనండి.