ఒడి ఉంటే చాలదు.. ఓపికా నేర్వాలి

పరాయి బిడ్డను సాకాలంటే ఏం కావాలి? చంద్రపూర్ తెలుగు కుటుంబాలు తెలుసుకోవాల్సిన సంగతులు

చంద్రపూర్: తల్లి పోయింది. తండ్రి జాడ లేదు. ఏడేళ్ల పిల్లను అమ్మమ్మో, పెద్దమ్మో ఇంటికి తెచ్చుకుంటుంది. అన్నం పెడుతుంది, బడిలో చేర్పిస్తుంది. బల్లార్‌పూర్ కాగితం మిల్లు వాడల నుంచి బొగ్గుగనుల కాలనీల దాకా తెలుగువారికి ఇది కొత్త కాదు. ‘మా అక్క బిడ్డనే గదా, దీనికి కాగితం ఎందుకు?’ అన్నదే అందరి మాట. కాగితం లేకపోవడం వల్లే ఆ పిల్లకు రావాల్సిన సాయం ఆగిపోతుంది. కాగితం ఉన్నా ఇంకో లోటు మిగులుతుంది. తల్లిదండ్రులను పోగొట్టుకున్న బిడ్డను ఎలా పెంచాలో పెద్దలకు నేర్పేవారు ఉండరు.

మూడు దారులు.. ఒకటి కాదు

సాకడం, ఫోస్టర్ కేర్, దత్తత.. మూడూ ఒకటేనని చాలామంది అనుకుంటారు. చట్టం దృష్టిలో మూడూ వేరు. దత్తతతో బిడ్డ శాశ్వతంగా ఆ ఇంటి బిడ్డవుతుంది. ఫోస్టర్ కేర్‌లో బిడ్డను కొంతకాలానికే అప్పగిస్తారు. పరిస్థితి చక్కబడితే సొంత ఇంటికి పంపాల్సి ఉంటుంది. బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు ఎక్కువగా అక్కరకొచ్చేది మహారాష్ట్ర ప్రభుత్వ బాల సంగోపన్ యోజన. ఇప్పుడు దీనికి క్రాంతిజ్యోతి సావిత్రీబాయి ఫూలే పేరు పెట్టారు. గతంలో నెలకు రూ.1,100గా ఉన్న సాయాన్ని 2023లో రూ.2,250 చేశారు. అనాథలతో పాటు తల్లిదండ్రుల్లో ఒకరే ఉన్నవారు, తల్లిదండ్రులు జైల్లో ఉన్నవారు, తీవ్ర జబ్బుతో మంచాన పడినవారి పిల్లలు కూడా దీని కిందికి వస్తారు.

కేంద్రం మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్, ఫోస్టర్ కేర్ పిల్లలకు నెలకు రూ.4,000 ఇస్తుంది. స్పాన్సర్‌షిప్‌కు మాత్రం ఆదాయ పరిమితి ఉంది. ఏడాదికి పల్లెల్లో రూ.72 వేలు, మిగతా చోట్ల రూ.96 వేలు దాటకూడదు.

నాలుగు మాటల నిర్వచనం

ఫోస్టర్ కేర్‌కు ఆధారం 2015 నాటి బాలల న్యాయ చట్టం, అందులోని 44వ సెక్షన్. ఎంపిక చేసి, అర్హత చూసి, ఆమోదించి, పర్యవేక్షించే కుటుంబానికే బిడ్డను ఇవ్వాలన్నది చట్టంలోని నిర్వచనం. ఇల్లు చూస్తారు. భార్యాభర్తలిద్దరూ ఇష్టపడుతున్నారా అని అడుగుతారు. ఆరోగ్య పరీక్షలు, ఆదాయం, పోలీసు కేసుల వివరాలు పరిశీలిస్తారు. ఆపై బాలల సంక్షేమ సమితి ఉత్తర్వు ఇస్తేనే బిడ్డ ఆ ఇంటి గడప తొక్కేది. సమితి ప్రతి నెలా తనిఖీ చేయాలి. తేడా ఉంటే బిడ్డను వెనక్కి తీసుకోవాలి.

2024లో కేంద్రం కొత్త మార్గదర్శకాలు తెచ్చింది. పెళ్లి కానివారు, భర్తను లేదా భార్యను కోల్పోయినవారు, విడాకులు పొందినవారు కూడా ఫోస్టర్ కేర్‌కు ముందుకు రావచ్చు. ఒంటరి మహిళకు ఆడపిల్లనైనా, మగపిల్లాడినైనా ఇస్తారు. ఒంటరి మగవారికి మగపిల్లాడినే ఇస్తారు. దత్తతకు అర్హత ఉన్న బిడ్డయితే రెండేళ్లు సాకిన కుటుంబం దత్తత కోరవచ్చు. ఇంతకుముందు ఈ గడువు ఐదేళ్లు.

గంటల లెక్క లేని శిక్షణ

చట్టంలోని ఆ నాలుగు మాటల్లో ‘శిక్షణ’ లేదు. అవగాహన కల్పించడం, కౌన్సెలింగ్ ఇవ్వడం జిల్లా బాలల సంరక్షణ విభాగం పని. కానీ ఇన్ని గంటలు కూర్చోవాలి, ఇన్ని పాఠాలు నేర్వాలి అన్న నిబంధన చట్టంలో కనిపించదు. అమెరికాలో ‘ప్రైడ్’ అనే శిక్షణ చాలా రాష్ట్రాల్లో నడిచింది. మూడు గంటల చొప్పున తొమ్మిది తరగతులు, మొత్తం 27 గంటలు. ఇంగ్లండ్‌లో అనుమతి వచ్చిన 12 నెలల్లోగా నిర్ణీత శిక్షణ ప్రమాణాలు పూర్తిచేయాలి. సొంత బంధువుల బిడ్డను సాకేవారికీ ఇది తప్పదు. వారికి 18 నెలల గడువిస్తారు.

అంత నేర్వాల్సింది ఏముంది? చాలానే ఉంది. కొత్త ఇంటికి వచ్చిన పిల్ల రొట్టె ముక్కలు దిండు కింద దాచుకోవచ్చు. పదేళ్లొచ్చినా పక్క తడపవచ్చు. అబద్ధం చెప్పవచ్చు, ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చోవచ్చు. ‘ఎంత చేసినా విశ్వాసం లేదు’ అని ఇంటివారు నొచ్చుకుంటారు. అది మొండితనం కాదు, భయం. ఆ తేడా చెప్పేదే శిక్షణ. చెయ్యి చేసుకోకూడదని, కన్నవారిని పిల్ల ముందు తిట్టకూడదని, ఇంటి చాకిరీకి పిల్లను వాడుకోకూడదని కూడా అక్కడే నేర్పాలి. పిల్లపై లైంగిక దాడి జరిగిందని తెలిస్తే దాచకుండా ఫిర్యాదు చేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. అన్నిటికన్నా కష్టమైన పాఠం చివరిది. పెంచిన బిడ్డ ఒకనాడు తిరిగి వెళ్లిపోవచ్చు. దానికి ముందే మనసు సిద్ధం చేసుకోవాలి.

సరిహద్దు చిక్కులు

రాజురా తాలూకా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. గీత మారినా చుట్టరికాలు మారలేదు. పిల్ల చంద్రపూర్‌లో, మేనమామ కాగజ్‌నగర్‌లో ఉండే కుటుంబాలు ఎన్నో. పిల్లది వేరే జిల్లా అయితే, విచారణ తర్వాత ఆ జిల్లా సమితికి బదిలీ చేసే వీలు 95వ సెక్షన్‌లో ఉంది. గుట్టుగా రైలెక్కించి పంపేస్తే మాత్రం బడి కాగితాలు ఒక రాష్ట్రంలో, ఆధార్ మరో రాష్ట్రంలో మిగిలిపోతాయి.

భాష మరో అడ్డంకి. ఇక్కడి కార్యాలయాల బోర్డులు, ఫారాలు మరాఠీలో ఉంటాయి. ‘జిల్హా బాల సంరక్షణ కక్ష’ అంటే జిల్లా బాలల సంరక్షణ విభాగం. ‘బాల కల్యాణ్ సమితి’ అంటే బాలల సంక్షేమ సమితి. ఇంట్లో తెలుగే తెలిసిన అమ్మమ్మకు మరాఠీలో కౌన్సెలింగ్ ఇస్తే సంతకం మిగులుతుంది, సంగతి ఎక్కదు. చెప్పేది తెలుగులో వివరించమని అడగడానికి వెనకాడకూడదు. మరాఠీ చదువుకున్న మనవడినో, పక్కింటివారినో వెంట తీసుకెళ్లడం మేలు.

బాండు పేపరు ముప్పు

పిల్లను ఇచ్చామని, తీసుకున్నామని బాండు పేపరు రాసుకుంటే సరిపోతుందనుకోవడం పొరపాటు. అనాథ పిల్లలను, వదిలేసిన పిల్లలను పద్ధతి తప్పి దత్తతకు ఇచ్చినా, తీసుకున్నా 80వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల జరిమానా పడవచ్చు. రెండూ పడవచ్చు.

ఏం చేయాలి?

తల్లిదండ్రుల మరణ ధ్రువీకరణ పత్రం, పిల్ల ఆధార్, జనన పత్రం, బడి బోనఫైడ్, సాకేవారి నివాస, ఆదాయ పత్రాలు, బ్యాంకు పాస్‌బుక్ ముందుగా సిద్ధం చేసుకోవాలి. దిక్కులేని పిల్ల కనబడితే ఇంటికి తెచ్చుకోవడం కాకుండా 1098కి ఫోన్ చేయాలి.

కార్యాలయంలో నాలుగు ప్రశ్నలు తప్పక అడగాలి. పిల్ల గతం గురించి మాకు ఏం చెబుతారు? కౌన్సెలింగ్ ఎన్నిసార్లు ఇస్తారు, ఏ భాషలో? పిల్ల రాత్రిపూట ఏడిస్తే, పారిపోతే ఎవరికి చెప్పాలి? నెలనెలా వచ్చి చూసేదెవరు? నిబంధనల్లో గంటల లెక్క లేనప్పుడు అడిగి నేర్చుకోవడం ఒక్కటే దారి. అడగకపోతే నష్టం సాకేవారికి కొంతే, ఒకసారి ఇల్లు పోగొట్టుకుని వచ్చిన పిల్లకు రెండో ఇల్లూ పోతుంది.