పాత గొంతు, కొత్త తోలు

దీపావళి దగ్గరపడు దినములలో ఉట్నూరు ప్రాంతపు గోండుగూడెములందు దీపములకంటె ముందు వెలికి వచ్చునవి వాద్యములు. ఏడాది పొడుగున దాచియుంచిన గుమ్మెల, పర్ర, వెట్టె, డప్పు, పెప్రె, కాలికోము బయటికి వచ్చును. భోగినాడు వానికి పూజ జరుగును. ఆ పిమ్మటనే దండారి బయలుదేరును. నెమలియీకల టోపీలు ధరించి గుస్సాడీలు ఆడుదురు. దీపావళి పిదప కొలబోడితో ఆట ముగిసి, వాద్యములు మరల విశ్రమించును.

వానకాలపు తడిగాలి పీల్చిన తోలు వదులగును, మ్రోత మొద్దుబారును. నిప్పుసెగ చూపినచో చెమ్మ ఆరి బిగువు తిరిగి వచ్చును. డప్పు మ్రోగు ఊరిలో పెరిగిన పిల్లవానికి ఇది ఒకరు చెప్పనక్కరలేదు. సెగకు లొంగని తోలు ఒకనాటికి చిరుగును. అప్పుడు తోలు మారును, చట్రము మారదు. తోలు మారినంత మాత్రమున అది తాతనాటి వాద్యము కాకపోయెనని ఎవ్వరును అనరు.

పర్ధానుల కిక్రి సంగతియు ఇంతే. మూడు తంత్రులు, ఒక కమాను గల ఈ వాద్యముతోనే వారు తరతరములుగా గోండు వంశముల పుట్టుపూర్వోత్తరములను పాడుచు వచ్చిరి. ఆదిగాయకుడైన హీరాసుకునితో ముడివడినది గనుక కిక్రి వారికి పవిత్రవస్తువు. నాటి ఉట్నూరు తాలూకాలోని మార్లవాయిలో నివసించి గోండుల జీవితమును పరిశీలించిన హైమన్‌డార్ఫు 1948లో వెలువరించిన గ్రంథములో ఆ పురాణగాథలకు పెద్ద చోటే ఇచ్చెను. అంతటి పవిత్రమైన కిక్రికిని తంత్రి తెగును. తెగిన తంత్రిని మార్చుట అపచారము కాదు, మార్చకుండుటయే అపచారము.

ఈ వివేకము అవసరమైన వారసులు మరికొందరు కలరు. పంచాయతీ రేడియోతో మ్రోగిన లౌడుస్పీకరు, తాతగారి వాల్వు రేడియో, ఒకనాడు పెండ్లిపందిళ్లకు అద్దెకు తిరిగిన మైకుసెట్టు హారను, ఇట్టివి నేటికిని కొన్ని ఇండ్లలో అటకలమీద దుమ్ముపట్టి యున్నవి. వానిని పలికింపవలెనని కొందరు ముచ్చటపడుదురు. వారికి తెలియవలసినది ఒక్కటే: అందులో ఏది చట్రము, ఏది తోలు?

లౌడుస్పీకరు వయస్సు డప్పు వయస్సుతో పోల్చిన లెక్కకు రాదు. కాలిఫోర్నియాలో జెన్సెను, ప్రిధము అను ఇరువురు 1915లో కదలెడు తీగచుట్టతో పలుకు పరికరమును ప్రదర్శించి, దానికి మాగ్నవాక్సు అని పేరిడిరి. లాటినులో మహాస్వరమని అర్థము. అమెరికాలోనే జనరల్ ఎలక్ట్రికు సంస్థకు చెందిన రైసు, కెల్లాగు అనువారు 1925లో వివరించిన నమూనాయే నేటి స్పీకర్లకును మూలము. అయస్కాంతపు ఇరుకుసందులో సన్నని రాగితీగచుట్ట యుండును. పాటను మోసుకొనివచ్చు విద్యుత్తు అందులో పారగనే చుట్ట ముందువెనుకలకు కదలును. దానికి అతికిన గరాటువంటి కాగితము గాలిని నెట్టును. ఆ కాగితపు వెలియంచు మెత్తని మడతతో ఇనుపచట్రమును అంటియుండును. అయస్కాంతము, ఇనుపచట్రము, చెక్కపెట్టె చిరకాలము నిలుచునవి. కాగితము, అంచు, తీగచుట్ట అరిగిపోవునవి, ఇవియే తోలు.

ఈ భేదము తెలియనివారు రెండు విధములుగా చెడగొట్టుదురు. లోపలిదంతయు పెరికివేసి బజారునుండి తెచ్చిన స్పీకరును బిగించుట ఒకటి. అట్టివారు తాతగారి పెట్టెను దక్కించుకొందురేగాని గొంతును కాదు. భక్తికొలది దేనిని ముట్టక, చిరిగిన కాగితము గరగరమనుచుండగనే పాటలు పెట్టుట రెండవది. గరగర ముదిరి చుట్ట కాలిపోయిన పిమ్మట భక్తికిని మిగులునది లేదు.

1930, 1940 దశకముల వాల్వు రేడియోలు పెక్కింటియందు శాశ్వతమైన అయస్కాంతముండదు. మరియొక పెద్ద తీగచుట్టలో విద్యుత్తును పారించి ఇనుమును అయస్కాంతముగా చేసికొనెడి ఏర్పాటు అది. రేడియోకు అందు విద్యుత్తులోని గుర్రుమను చప్పుడును అణచుట కూడ ఆ చుట్ట పనియే. దానిని తీసి వేరు స్పీకరు పెట్టదలచినచో, ఆ పనికి బదులు భాగమొకటి అమర్చవలెను. అందు రెండువందల ఓల్టులకు మించిన విద్యుత్తు ఉండవచ్చును. మీట ఆపిన తరువాతను కండెన్సర్లలో కొంత నిలిచియుండును. విద్యార్థుల కుతూహలము ఎంత మెచ్చదగినదైనను, అక్కడ మాత్రము నిపుణుడు లేనిదే వ్రేలు పెట్టరాదు.

తరువాతి కాలపు స్పీకర్లలో ఆల్నికో అయస్కాంతములు వచ్చెను. జపానులో మిషిమా 1931లో కనుగొన్న ఉక్కు వానికి ఆధారము. వీనిని విప్పి ముక్కలు వేరుచేసి మరల కూర్చినచో బలము చాలవరకు తగ్గిపోవును. చట్రము జోలికి పోవద్దనుట ఊరక కాదు.

ఇందులో ఒక వింత గలదు. తాతలనాటి కాగితపు అంచులు, గుడ్డ అంచులు నేటికిని నిలిచియుండగా, 1970 దశకమున వ్యాపించిన నురుగు అంచులు పదునైదు, ఇరువదియేండ్లకే పొడియై రాలుచున్నవి. మిక్కిలి పాతదే మిక్కిలి శిథిలమని తలంచుట పొరపాటు.

పరీక్ష సులువు. పెట్టెలోని తీగలను విప్పి, స్పీకరును మాత్రము బల్లమీద ఉంచి, కాగితమును నలువైపుల వ్రేళ్లతో సమముగా, మెల్లగా నొక్కవలెను. లోపల రాపిడి వినిపించినచో చుట్ట ప్రక్కకు ఒరిగినదన్నమాట. మీటరుతో కొలిచినప్పుడు ఎనిమిది ఓముల స్పీకరు సుమారు ఆరు చూపును. అసలు ఏమియు చూపనిచో తీగ తెగినది. ఒకటిన్నర ఓల్టుల బ్యాటరీని క్షణమాత్రము తాకించినచో టప్పుమని కాగితము కదలును. పాఠశాల విజ్ఞానశాస్త్రపు తరగతిలో ఇంతకంటె చౌకగా అయస్కాంతపాఠము చెప్పుట కష్టము.

చిన్న చిరుగులకు పలుచని కాగితమును నీళ్లు కలిపిన తెల్లని జిగురుతో అతికిన చాలును. జిగురు ఎక్కువైనచో కాగితము బరువెక్కి గొంతు మందగించును. హారనుకు కావలసినది అంతకంటె మోటుపని: గరాటులోని పురుగుల గూళ్లను తీసివేసి, వాననీరు నిలువకుండునట్లు మూతిని కొంచెము క్రిందికి వంచుట.

కాగితము మొత్తము మార్చవలసి వచ్చినప్పుడు గొంతు కొంత మారును, దాచుటయెందుకు? డప్పుకైనను కొత్త తోలు మొదటినాడే పాత మ్రోత ఈయదు. కొన్ని దినములు తక్కువ శబ్దముతో వాడినచో అంచు మెత్తబడి దారికి వచ్చును.

పని ముగిసిన పిమ్మట పెట్టెలోపలి చెక్కమీద పెన్సిలుతో మార్చిన భాగమును, తేదీని వ్రాసియుంచవలెను. తీసివేసిన పాత కాగితమును పారవేయక సంచిలో చుట్టి పెట్టె అడుగున దాచవలెను. దాని బరువు, మందము, అంచుమడత చూచియే గదా మనుమడు తనకు కావలసిన కాగితమును వెదకికొనవలసినది.