తెర లోపల సిరాబుడ్డి

జపాన్‌లో మాంగా (బొమ్మల కథలు) గీసేవారి బల్ల మీద ఒకప్పుడు చాలా సరంజామా ఉండేది. సిరాలో ముంచే ఉక్కు పాళీలు, సిరాబుడ్డి, బ్లేడు, స్కేలు, గుండుసూదులు, చుక్కల కాగితాలు. ఇప్పుడు చాలామంది బల్ల మీద ఒక తెర, ఒక పెన్ను ఉంటే చాలు. మరి ఆ సరంజామా ఏమైంది? సాఫ్ట్‌వేర్ లోపలికి వెళ్లి కూర్చుంది. ఒక్కో బటన్ వెనక ఒక్కో పాత పనిముట్టు దాగి ఉంది. వాటి కథలు ఇవీ.

● పాళీ పేరు పోలేదు

మాంగా గీయడానికి బాగా పేరున్న సాఫ్ట్‌వేర్ క్లిప్ స్టూడియో పెయింట్. అందులో కుంచెల వరసలో ‘జీ-పెన్’ అని ఒకటి కనిపిస్తుంది. అది నిజమైన ఉక్కు పాళీ పేరు. నొక్కితే గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. లావుగా మొదలై మొనదేలి ముగిసే మాంగా గీత ఆ పాళీ పెట్టిన భిక్షే. పాళీ పోయినా దాని గుణం, పేరు రెండూ మిగిలాయి.

● బ్యాటరీ లేని పెన్ను

తెర మీద గీసే పెన్నుకు చేతి ఒత్తిడి ఎలా తెలుస్తుంది? 1983లో జపాన్‌లో మొదలైన వాకమ్ సంస్థ చేసే బొమ్మలు గీసే పలకల్లో అడుగున తీగల వల ఉంటుంది. అది పంపే అయస్కాంత సంకేతానికి పెన్నులోని తీగచుట్ట స్పందించి బదులిస్తుంది. శక్తి పలక నుంచే అందుతుంది కాబట్టి పెన్నుకు బ్యాటరీతో పని లేదు. ఈ రకం మేలైన పెన్నులు ఒత్తిడిలో 8,192 మెట్లను గుర్తుపడతాయి.

● గుండుసూది చుట్టూ స్కేలు

పాత్ర ఉలిక్కిపడినప్పుడు ముఖం చుట్టూ సూర్యకిరణాల్లా గీతలు వస్తాయి కదా! చేత్తో గీసేటప్పుడు బొమ్మ నడుమ ఒక గుండుసూది గుచ్చి, స్కేలును దానికి ఆనించి తిప్పుతూ వందలకొద్దీ గీతలు లాగేవారు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఆ చోట ఒక బిందువు పెడితే చాలు, చెయ్యి ఎటు కదిలినా గీత ఆ బిందువు వైపే సాగుతుంది. సూది గుచ్చిన రంధ్రం మాత్రం కాగితం మీద మిగలదు.

● చుక్కల నీడలు

నలుపు తెలుపు మాంగాలో బూడిదరంగు సిరా ఉండదు. నీడ అనిపించేదంతా సన్నని నల్ల చుక్కలే. ఆ చుక్కలు అచ్చువేసిన జిగురు కాగితాన్నే స్క్రీన్‌టోన్ అంటారు. దాన్ని బొమ్మ మీద అంటించి, అంచు వెంట బ్లేడుతో కోసి, వెలుగు కావలసిన చోట బ్లేడు మొనతో గీకేవారు. మబ్బు అంచు మెత్తగా కనిపించాలంటే గంటల తరబడి గీకాల్సిందే. కంప్యూటర్‌లో ఈ పని క్షణాల్లో అవుతుంది కానీ ఒక చిక్కుంది. చుక్కలున్న బొమ్మను కుదిస్తే చుక్కలు ఒకదానితో ఒకటి తగువుపడి అక్కర్లేని చారలు పుడతాయి. అందుకే మాంగా సాఫ్ట్‌వేర్ చుక్కలను బొమ్మగా కాక ఒక లెక్కగా దాచుకుని, తుది కొలతకు తగ్గట్టు మళ్లీ పరుస్తుంది.

● అచ్చులో పడని నీలం

పాత అచ్చు కెమెరాల కంటికి లేత నీలం ఆనేది కాదు. చిత్రకారులకు అది వరమైంది. నీలం పెన్సిల్‌తో చిత్తుబొమ్మ వేసుకుని, దాని మీదే సిరాతో గీసేవారు. చెరపాల్సిన పని ఉండేది కాదు. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఒక పొరను ‘చిత్తు’ అని గుర్తిస్తే అది తెర మీద కనిపిస్తుంది, అచ్చుకు మాత్రం వెళ్లదు. అలవాటు కొద్దీ ఆ పొరను ఇప్పటికీ నీలంలో గీసేవారు ఎందరో.

● మౌస్‌తో గీసిన కామిక్

1985లో అమెరికాలో వచ్చిన ‘షాటర్’ కామిక్‌ను మైక్ సాయెంజ్ తొలినాళ్ల మెకింతోష్ కంప్యూటర్ మీద మౌస్‌తో గీశారు. మెట్లుమెట్లుగా విరిగిన గీతలే దాని ముద్ర. మౌస్‌తో సంతకం చేయబోయిన వారెవరికైనా ఆ శ్రమ ఎంతటిదో తెలుస్తుంది.

● రంగులు అమెరికాలో అద్దుకున్న ‘అకీరా’

కత్సుహిరో ఒటోమో గీసిన ‘అకీరా’ జపాన్‌లో నలుపు తెలుపుల్లో వచ్చింది. 1988 నుంచి అమెరికాలో ఇంగ్లీషులో వేసినప్పుడు స్టీవ్ ఒలిఫ్ దానికి కంప్యూటర్‌తో రంగులద్దారు. కంప్యూటర్ రంగులతో క్రమంగా వెలువడిన తొలి కామిక్‌లలో అది ఒకటి. మాంగాను కుడి నుంచి ఎడమకు చదవాలి. అమెరికా పాఠకుల కోసం ఆ పేజీలను అద్దంలో ప్రతిబింబంలా తిప్పి వేశారు. అలా తిప్పితే కుడిచేతి వాటం మనిషి ఎడమచేతి వాటంగా మారిపోతాడు!

● యానిమేషన్ ఇంటి నుంచి మాంగా బల్ల మీదికి

క్లిప్ స్టూడియో తయారుచేసిన సెల్సిస్ సంస్థ 1991లో టోక్యోలో మొదలైంది. దాని తొలి గురి మాంగా కాదు, యానిమేషన్. స్టూడియోల కోసం 1993లో ‘రేటాస్’ సాఫ్ట్‌వేర్ తెచ్చింది. 2001లో మాంగా కోసం ‘కామిక్ స్టూడియో’ చేసింది. బయటి దేశాల్లో దాని పేరు ‘మాంగా స్టూడియో’. 2012లో క్లిప్ స్టూడియో పెయింట్ వచ్చింది. 2016లో యానిమేషన్ సదుపాయం చేరడంతో బొమ్మ గీసిన చోటే దాన్ని కదిలించే వీలు దొరికింది.

● ఉల్లిపొర

యానిమేషన్‌లో ముందు గీసిన బొమ్మ కింద లీలగా కనిపిస్తేనే తరవాతి బొమ్మ కుదురుతుంది. అందుకే అడుగున దీపం పెట్టిన గాజుబల్ల మీద పల్చని కాగితాలు పేర్చి గీసేవారు. సాఫ్ట్‌వేర్‌లో ఈ సదుపాయం పేరు ‘ఆనియన్ స్కిన్’. పల్చని కాగితాన్ని మనమూ ఉల్లిపొర కాగితమనే అంటాం. ఎక్కడివారికైనా పల్చదనానికి ఉల్లిపొరే తోచింది!

● సెకనుకు ఎనిమిది

సినిమా సెకనుకు 24 ఫ్రేములు తిరుగుతుంది. అన్ని బొమ్మలూ గీయాలంటే వారం వారం టీవీ ధారావాహిక అసాధ్యం. 1963 జనవరి 1న మొదలైన ‘ఆస్ట్రో బాయ్’ కోసం ఒసాము తెజుకా బృందం ఒక్కో బొమ్మను మూడేసి ఫ్రేముల పాటు నిలిపింది. అంటే సెకనుకు ఎనిమిది బొమ్మలే. వాడిన బొమ్మలను దాచిపెట్టి మళ్లీ వాడుకుంది కూడా. ఈనాడు సాఫ్ట్‌వేర్‌లో బొమ్మల ఖజానా తెరిచి, కాలరేఖ మీద ఒక బొమ్మను మూడు గళ్లకు సాగదీసే కుర్రవాడు చేస్తున్నది ఆ పనే.

● ఘిబ్లీ పనిముట్టు అందరి చేతికీ

హయావో మియజాకి యానిమేషన్ చిత్రం ‘ప్రిన్సెస్ మొనొనొకె’ 1997లో వచ్చింది. అప్పటి నుంచి ఘిబ్లీ స్టూడియో వాడుతూ వచ్చిన సాఫ్ట్‌వేర్ ‘టూన్జ్’. దాన్ని చేసింది ఇటలీ సంస్థ. 2016లో జపాన్‌కు చెందిన ద్వాంగో దాన్ని కొని, ‘ఓపెన్ టూన్జ్’ పేరుతో ఉచితంగా ఇచ్చేసింది. కోడ్‌తో సహా ఇచ్చింది కాబట్టి ఎవరైనా మార్చుకోవచ్చు కూడా.

● చివరి సెల్

పారదర్శకమైన సెల్ షీట్ల మీద బొమ్మలకు రంగులు వేసే పద్ధతిని జపాన్ టీవీలో చివరిదాకా వదలనిది ‘సజాయె-సాన్’. 1969లో మొదలైన ఈ కుటుంబ కథ 2013లో పూర్తిగా డిజిటల్‌కు మారింది.

● ఒక్కడి సైన్యం

ఆటల సంస్థలో ఉద్యోగం మానేసిన మకోతో షింకాయ్ ఇంట్లో పవర్ మాక్ కంప్యూటర్ ముందు కూర్చుని 25 నిమిషాల యానిమేషన్ చిత్రం ‘హోషి నో కోయె’ను దాదాపు ఒంటిచేత్తో పూర్తిచేశారు. తొలి కూర్పులో గొంతులు కూడా ఆయనవీ, అప్పట్లో ఆయనకు పెళ్లి నిశ్చయమైన అమ్మాయివీ. 2002 ఫిబ్రవరిలో టోక్యోలోని షిమోకితజావాలో ఒక బుల్లి థియేటర్‌లో అది విడుదలైంది. ఆ థియేటర్ పేరేమిటో తెలుసా? టాలీవుడ్!

● క్రిత

డబ్బు పెట్టలేని విద్యార్థికి నిజమైన నేస్తం ‘క్రిత’ సాఫ్ట్‌వేర్. బొమ్మలూ గీయవచ్చు, కదిలించనూ వచ్చు, పైసా ఖర్చు లేదు. స్వీడిష్ భాషలో ఆ మాటకు సుద్దముక్క అని అర్థం. పేరు పెట్టినవారి మనసులో మహాభారతంలోని ‘కృత’ శబ్దం కూడా ఉంది. కృతయుగంలో ఉన్నది ఆ మాటే.

● బుడగలో అష్టదిగ్గజాలు

జపాన్ అక్షరాలు పైనుంచి కిందికి దిగుతాయి కనుక మాంగాలో మాటల బుడగలు నిలువుగా, సన్నగా ఉంటాయి. తెలుగు అడ్డంగా సాగుతుంది. పైన గుడి, కింద ఒత్తు వరసల నడుమ చోటు అడుగుతాయి. కాబట్టి తెలుగులో మాంగా గీయబోయేవారు బుడగను వెడల్పుగా వేసుకోవడం మేలు. ఇక అక్షరాల సంగతి. గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరికే తెలుగు ఖతుల్లో పెద్దన, తిమ్మన, ధూర్జటి, సూరన్న, తెనాలి రామకృష్ణ ఉన్నారు. వెంట శ్రీకృష్ణదేవరాయలూ ఉన్నారు. పాళీ జపాన్‌ది, పలుకు మనది. అలాంటి పేజీ ఒకటి గీయాలని ఉబలాటపడే పిల్లలు మీ ఇంట్లో ఉంటే, తెర లోపల సిరాబుడ్డి వారి కోసం మూత తీసే ఉంది.